మందు ఇచ్చినవాడు, వేరును వెదకినవాడు
బోర్డో మిశ్రమ రూపకర్త అలెక్సిస్ మియార్దే జీవితం

బోర్డో మిశ్రమం పేరు వినని రైతు పల్నాడులో అరుదు. మిరప నారు మడిలోనే కుళ్ళి పడిపోతున్నప్పుడు, నిమ్మ, బత్తాయి చెట్ల మొదళ్ళలో బంక కారుతున్నప్పుడు మైలుతుత్తం, సున్నం కలిపి వాడమని మన పెద్దలు చెప్పేవారు. వ్యవసాయ శాఖవారు నేటికీ చెబుతున్నారు. మందుల కొట్లలోకి రంగురంగుల డబ్బాలు ఎన్ని వచ్చినా ఆ నీలిరంగు నీళ్ళకు కాలదోషం పట్టలేదు. అయితే బోర్డో అన్నది ఫ్రాన్సు దేశంలోని ఒక నగరం పేరనీ, ఆ మందు మొట్టమొదట ద్రాక్షతోటల కోసమే పుట్టిందనీ చాలామందికి తెలియదు. ఆ మందును లోకానికి అందించిన అలెక్సిస్ మియార్దే గారు, తెగులును తనంతట తానే తట్టుకునే ద్రాక్షమొక్క కోసం ఏళ్ళ తరబడి శ్రమించారన్న సంగతి ఇంకా తక్కువమందికి తెలుసు.

క్రోసూరు చుట్టుపక్కల చేలలో ద్రాక్ష కనిపించదు. మన నేలలో పండేది పత్తి, మిరప. అయినా ద్రాక్ష క్రైస్తవునికి పరాయి మొక్క కాదు. దివ్యబలిపూజలో అప్పంతోపాటు మనం బలిపీఠం మీద ఉంచేది ద్రాక్షారసమే. యేసు ప్రభువు తండ్రిని వ్యవసాయకునిగా, తనను ద్రాక్షవల్లిగా, మనలను దాని తీగలుగా పోల్చి బోధించారు. కాబట్టి ఆ వల్లికి వచ్చిన గొప్ప ఆపదను గురించీ, దాన్ని కాపాడబూనిన ఒక పండితుని గురించీ తెలుసుకోవడం మనకు తగిన పనే. పైగా ఆయన కథలో పత్తి రైతుకూ మిరప రైతుకూ పనికివచ్చే పాఠం ఒకటి ఉంది.

జూరా సీమ బిడ్డ

పియేర్ మారీ అలెక్సిస్ మియార్దే 1838 డిసెంబరు 13న ఫ్రాన్సు తూర్పు ప్రాంతమైన జూరా సీమలో, మోన్మిరే-లా-విల్ అనే గ్రామంలో జన్మించారు. సూక్ష్మజీవుల శాస్త్రానికి పునాదులు వేసిన లూయీ పాశ్చర్ గారిది కూడా ఆ సీమే.

మియార్దే ఆరేళ్ళ బాలుడిగా ఉన్నప్పుడు ఐరోపాను ఒక ఘోర విపత్తు చుట్టుముట్టింది. 1845లో బంగాళాదుంప పైరును ఒక తెగులు మాడ్చివేసింది. ఆ దుంప మీదే బ్రతికే ఐర్లండు దేశంలో నాలుగైదేళ్ళలో సుమారు పది లక్షలమంది ఆకలికీ, దాని వెంట వచ్చిన జ్వరాలకూ బలయ్యారు. వారిలో అత్యధికులు పేద కతోలికులు. ఎందరో ఓడలెక్కి అమెరికాకు వలసపోయారు. ఒక ఆకు మీద పుట్టిన మచ్చ ఒక జాతి చరిత్రనే మార్చివేయగలదని లోకం అప్పుడు చూసింది.

ఆ మచ్చను గురించి పండితులలో పెద్ద వాదమే నడిచింది. ఆకు మీద కనిపించే బూజు రోగానికి కారణమా, లేక రోగం వల్ల పుట్టిన ఫలితమా? మొక్క ముందు కుళ్ళుతుందనీ, ఆ కుళ్ళు నుండే బూజు పుడుతుందనీ చాలామంది నమ్మేవారు. తత్త్వశాస్త్రం చదివినవారికి ఈ చిక్కు కొత్తది కాదు. కార్యాన్ని కారణమని పొరబడితే ఎంత శ్రమపడినా ఫలితం ఉండదు. జర్మనీకి చెందిన ఆంటోన్ ద బారీ అనే శాస్త్రజ్ఞుడు ఓపికగా పరీక్షలు చేసి, బూజే కారణమని 1860లలో నిరూపించారు. ఆ రోజుల్లో ద బారీ ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. యువకుడైన మియార్దే వృక్షశాస్త్రం అభ్యసించినది హైడెల్‌బర్గ్‌లోనూ, ఆ ఫ్రైబర్గ్‌లోనే. పైకి కనిపించేదాన్ని చూసి సరిపెట్టుకోకుండా మూలందాకా వెళ్ళే అలవాటు ఆయనకు జీవితమంతా నిలిచింది.

1869లో ఆయన స్ట్రాస్‌బర్గ్‌లో వృక్షశాస్త్ర బోధకులయ్యారు. మరుసటి ఏడే ఫ్రాన్సుకూ ప్రష్యాకూ యుద్ధం వచ్చింది. ఫ్రాన్సు ఓడిపోయి, స్ట్రాస్‌బర్గ్ నగరం జర్మనీ వశమయింది. అక్కడి ఫ్రెంచి ఆచార్యులు కొందరు నాన్సీ నగరానికి తరలివచ్చారు. మియార్దే కూడా 1872లో నాన్సీలో చేరి, 1876లో బోర్డోకు మారారు. 1899 వరకు అక్కడి విశ్వవిద్యాలయంలోనే వృక్షశాస్త్ర ఆచార్యులుగా పనిచేశారు.

ఒక మందు వెంట మరో రోగం

ఆయన బోర్డో చేరేసరికి ఫ్రాన్సు ద్రాక్షతోటలు చచ్చిపోతున్నాయి. ఆ కథ కొంచెం వెనుక నుండి చెప్పుకోవాలి.

1840ల చివర అమెరికా నుండి వచ్చిన బూడిద తెగులు ఫ్రాన్సు ద్రాక్షను పట్టింది. గంధకం పొడి చల్లి దాన్ని అదుపు చేశారు. అయితే అమెరికా అడవి ద్రాక్షజాతులకు ఆ తెగులు అంతగా సోకదని గమనించిన కొందరు తోటలవారు అక్కడి మొక్కలను ఓడల మీద తెప్పించుకున్నారు. ఆ మొక్కల వేళ్ళతోపాటు ఒక చిన్న పురుగు దిగింది. మన రైతులు పేనుబంక అనే పురుగుకు అది దగ్గరి చుట్టం. మిల్లీమీటరు పొడవు కూడా ఉండదు. నేల లోపల వేళ్ళను పట్టుకుని రసం పీలుస్తుంది. ఆ గాయాల వల్ల వేళ్ళు కుళ్ళి, రెండు మూడేళ్ళలో తోట ఎండిపోతుంది. ఎండిన మొక్కను పీకి చూసేసరికి పురుగు పక్క మొక్కకు పోయి ఉండేది. అందుకే చాలాకాలం దాని జాడ దొరకలేదు. 1868లో ప్లాంషోన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడూ ఆయన సహచరులూ ఇంకా బ్రతికున్న మొక్కల వేళ్ళు తవ్వి చూసి దాన్ని పట్టుకున్నారు. దాని పేరు ఫిల్లోక్సెరా.

అది తెచ్చిన నష్టం అంతా ఇంతా కాదు. 1875లో ఫ్రాన్సు సుమారు 840 కోట్ల లీటర్ల ద్రాక్షారసం తీసింది. 1889 నాటికి అది 230 కోట్ల లీటర్లకు పడిపోయింది. మందు కనిపెట్టినవారికి మూడు లక్షల ఫ్రాంకులు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఆ బహుమానం చివరకు ఎవరికీ దక్కలేదు.

ద్రాక్షను కాపాడటంలో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. నేలలోకి విషవాయువు పంపి పురుగును చంపాలన్నది ఒక పక్షం. పురుగు పుట్టిన దేశంలోనే దాన్ని తట్టుకునే వేళ్ళు కూడా పుట్టి ఉంటాయి కాబట్టి, అమెరికా వేరు మీద ఐరోపా కొమ్మను అంటుకట్టాలన్నది రెండవ పక్షం. అమెరికా జాతుల వేళ్ళను పురుగు కొరికినా అవి గాయం చుట్టూ బెరడువంటి పొర కట్టుకుని కుళ్ళును ఆపుకుంటాయి. మియార్దే గారు రెండవ పక్షంలో నిలిచారు. ఏ జాతి వేరు ఎంత తట్టుకుంటుందో ఒక్కొక్కటిగా పరీక్షించి నమోదు చేశారు.

ఇంతలో మరో దెబ్బ తగిలింది. పురుగును తట్టుకునే అమెరికా మొక్కలు తెప్పిస్తుంటే వాటి వెంట ఇంకొక తెగులు వచ్చింది. 1878లో ఫ్రాన్సులో బయటపడిన ఈ బూజు తెగులు ఆకు పై భాగాన నూనె మచ్చలాగా, అడుగున తెల్లటి బూజులాగా కనిపిస్తుంది. వానలు ఎక్కువైన ఏడాది ఆకులన్నీ రాలిపోయి కాయ పండదు. ఐర్లండును ఆకలికి గురిచేసిన బంగాళాదుంప తెగులుకు ఇది దాయాది. బూడిద తెగులుకు విరుగుడుగా తెచ్చిన మొక్క పురుగును తెచ్చింది, పురుగుకు విరుగుడుగా తెచ్చిన మొక్క బూజును తెచ్చింది. తొందరపడి తెచ్చుకున్న పరిష్కారం మరో సమస్యను వెంటబెట్టుకు వస్తుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

దారి పక్క ద్రాక్ష

1882 అక్టోబరు నెలాఖరున మియార్దే గారు బోర్డోకు ఉత్తరాన ఉన్న మెదోక్ సీమలో, సాన్-జూలియన్ గ్రామం దగ్గర తోటల వెంట నడిచి వెళ్తున్నారు. ఆ ఏడు బూజు తెగులు విజృంభించి ఎక్కడ చూసినా మోడులే. కాని దారి పక్కనున్న కొన్ని వరుసలు మాత్రం పచ్చగా ఆకులతో నిలబడి ఉన్నాయి. దగ్గరకు వెళ్ళి చూస్తే ఆ ఆకుల మీద నీలం కలిసిన తెల్లటి పూత కనిపించింది.

విచారిస్తే సంగతి తెలిసింది. దారిన పోయేవారు పండ్లు కోసుకుపోకుండా ఆ ప్రాంతపు తోటలవారు మైలుతుత్తం, సున్నం కలిపి దారి పక్క వరుసల మీద చల్లేవారు. విషం చల్లారని భయపడి దొంగలు ముట్టుకునేవారు కారు. మన ఊళ్ళలో దిష్టిబొమ్మ పెట్టినట్లు అది వారికి ఒక కాపలా ఉపాయం. తెగులును ఆపుతుందన్న తలంపు వారికి లేదు.

అలాంటి దారిన ఎందరో నడిచి ఉంటారు. మియార్దే గారి కళ్ళు అక్కడ ఆగడానికి కారణముంది. బూజు విత్తనాలు ఆకు మీది నీటి బొట్టులో ఈదుతూ ఆకు రంధ్రాల గుండా లోపలికి పోతాయని ఆయన ఎరుగుదురు. తన నూతికి ఉన్న రాగి పంపు నుండి వచ్చిన నీటిలో ఆ విత్తనాలు ఎదగడం లేదని పరిశోధనలో ఆయనకు ముందే అనుభవమయింది. రాగిలో ఏదో గుణం ఉందన్న ఆలోచన మనసులో మెదులుతూ ఉంది. దారి పక్క పచ్చని ఆకు ఆ ఆలోచనను కళ్ళకు కట్టింది.

వెంటనే చాటింపు వేయలేదు. ఆ తోటల నిర్వాహకుడు ఎర్నెస్ట్ దవీద్ గారి సహాయంతో 1883 నుండి 1885 వరకు పాళ్ళు మార్చి మార్చి పరీక్షించారు. మొదటి పాళ్ళు చాలా చిక్కనివి. నూరు లీటర్ల నీటిలో 8 కిలోల మైలుతుత్తం, వేరే 30 లీటర్ల నీటిలో 15 కిలోల సున్నం కలిపి, ఆ రెండింటినీ ఒకటి చేసేవారు. పనివారు ఒక చేత బకెట్టు, మరొక చేత చిన్న చీపురు పట్టుకుని, పండుగ పూజలో గురువు తీర్థం చల్లినట్లు ఆకుల మీద చిలకరించేవారు. 1885 శరదృతువులో మందు చల్లిన తోటలు పచ్చగా ఉన్నాయి, చల్లని తోటలు బోసిపోయాయి. ఆ ఏడే మియార్దే గారు తయారీ విధానాన్ని స్థానిక వ్యవసాయ సంఘం పత్రికలో ప్రచురించారు.

ఇక్కడ ఆయన వివేకాన్ని మెచ్చుకోవలసిన విషయం ఒకటుంది. మందు పనిచేస్తుందని తేలినంత మాత్రాన ఆయన తృప్తిపడలేదు. రాగి మనిషికి విషం కదా, అది పండులోకీ రసంలోకీ ఎంత చేరుతోంది? పాశ్చర్ గారి శిష్యుడైన యులీస్ గయోన్ అనే రసాయన శాస్త్రజ్ఞునితో కలిసి ఆకులలో, పండ్లలో, రసంలో రాగిని కొలిచారు. పులిసిన తర్వాత రసంలో మిగిలేది అత్యల్పమని నిర్ధారించుకున్నారు. పైరుకు మంచిదేనా అని అడిగేవారు చాలామంది ఉంటారు. తినేవానికి, త్రాగేవానికి మంచిదేనా అని కూడా అడిగినవాడే పూర్తి బాధ్యత తెలిసినవాడు.

కాలక్రమాన పాళ్ళు పలుచనయ్యాయి. ఇప్పుడు మనకు చెప్పే ఒక శాతం మిశ్రమంలో కిలో మైలుతుత్తం, కిలో సున్నం, నూరు లీటర్ల నీళ్ళు ఉంటాయి. ఇనుప పాత్ర వాడకూడదు. మైలుతుత్తం నీళ్ళను సున్నపు నీళ్ళలో పోయాలి. కొడవలి మొననో, చాకునో అందులో ముంచి తీస్తే ఎర్రటి రాగి పూత పడిందంటే సున్నం చాలలేదన్నమాట. కలిపిన రోజే వాడుకోవాలి. తెగులు రాకముందే ఆకు మీద ఉంటేనే ఇది కాపాడుతుంది. లోపలికి పోయిన తెగులును వెనక్కి లాగదు.

వేరును వెదకిన చేతులు

బోర్డో మిశ్రమం మియార్దే పేరును దేశదేశాలకు చేర్చింది. బంగాళాదుంపకూ, టమాటాకూ, మరెన్నో పైర్లకూ అది ప్రాణదానం చేసింది. సామాన్యంగా ఇలాంటి జీవితకథ ఇక్కడితో ముగుస్తుంది. కాని మియార్దే గారి దృష్టిలో మందు ఆపద గట్టెక్కించే సాధనం మాత్రమే. వాన పడినప్పుడల్లా కడిగిపోతుంది, మళ్ళీ చల్లాలి. రేపు చల్లకపోతే మొక్క మళ్ళీ నిస్సహాయమే.

దారి పక్క పచ్చని ఆకును ఆయన చూసిన ఆ 1882లోనే మరొక పని కూడా సాగుతోంది. మార్క్విస్ ద గ్రాసే అనే భూస్వామితో కలిసి ఆయన ద్రాక్షజాతులను సంకరం చేయసాగారు. ఒక జాతి పువ్వు పుప్పొడిని మరొక జాతి పువ్వుకు అంటించి, వచ్చిన గింజలు నాటి, వేలాది మొలకలలో ఏది పురుగును తట్టుకుంటుందో, ఏది ఏ నేలకు సరిపోతుందో చూసి ఏరడం ఆ పని. సంకరం చేసినవాడు ఫలితం కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. పేరు తొందరగా వచ్చే పని కాదది.

అందులో ఒక చిక్కు పల్నాడు రైతుకు చెప్పకుండానే అర్థమవుతుంది. అమెరికా వేళ్ళు కొన్ని సున్నపు నేలల్లో నాటగానే ఆకులు పసుపురంగుకు తిరిగి మొక్క క్షీణించిపోయేది. సున్నం ఎక్కువైన నేలలో వేరు ఇనుమును అందుకోలేదు. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు చూసినవారికి, సున్నపు నేలల్లో బత్తాయి ఆకు పసుపెక్కడం ఎరిగినవారికి ఇది వింత కాదు. ఫ్రాన్సులో పేరుగాంచిన షాంపేన్, కోన్యాక్ సీమలు సుద్ద నేలలే. అక్కడ పురుగును తట్టుకునే వేరు సున్నాన్ని తట్టుకోలేదు, సున్నాన్ని తట్టుకునే ఐరోపా వేరు పురుగుకు ఆహుతయ్యేది. మియార్దే, గ్రాసేలు షస్లా అనే ఐరోపా ద్రాక్షనూ, సున్నపురాతి నేలల్లో పెరిగే బెర్లాండియెరి అనే అమెరికా జాతినీ కలిపి 41బి అనే వేరుమొక్కను పుట్టించారు. సుద్ద నేలలకు అది ప్రాణం పోసింది. వారిద్దరి కృషి ఫలితమైన 101-14, 420ఎ అనే వేరుమొక్కలు కూడా నేటికీ ప్రపంచంలోని ద్రాక్షతోటల్లో వాడుకలో ఉన్నాయి. వాటి పేర్ల చివర ఉండే ఎం, జి, టి అక్షరాలు మియార్దే, గ్రాసేల గుర్తులే. మందు డబ్బా మీద ఆయన పేరు లేదు, నేల కింద కనిపించని వేరుకు మాత్రం మిగిలింది.

ఆ కాలంలోనే బ్రున్ పట్టణంలోని ఒక అగస్టీను సభ మఠంలో గ్రెగోర్ మెండెల్ అనే గురువు బఠాణీల మీద చేసిన ప్రయోగాల వల్ల తల్లిదండ్రుల గుణాలు పిల్లలకు ఏ లెక్కన చేరతాయో తేలింది. కాని 1900 వరకు లోకం దాన్ని పట్టించుకోలేదు. మియార్దే తరంవారు ఆ లెక్క చేతిలో లేకుండానే, ఓపికా పరిశీలనా పెట్టుబడిగా పనిచేశారు. అంటు కొమ్మ లేకుండానే వేరు నుండి ఆకు దాకా అంతా తెగులును తట్టుకునే ద్రాక్ష రావాలన్న ఆశ వారికి ఉండేది. కాని అలా వచ్చిన తొలి సంకరాలలో అమెరికా జాతుల ఘాటు వాసన పోలేదు. రసం రుచించలేదు. 1902 డిసెంబరు 15న మియార్దే గారు బోర్డోలో కన్నుమూసేనాటికి ఆ పని సగంలోనే ఉంది.

మట్టిలో మిగిలిన బాకీ

ఆయన ఇచ్చిన రెండు వరాలలో లోకం మందును రెండు చేతులా అందుకుంది. వేరును పురుగు మేరకు స్వీకరించింది. ఆకు తెగుళ్ళకు మాత్రం మందే సులభమనుకుంది. శతాబ్దం పైగా ఏటా పలుమార్లు రాగి చల్లారు. వైన్‌లో మిగిలే రాగి అత్యల్పమని మియార్దే, గయోన్‌లు కొలిచి చూపింది నిజమే. మరి ఆకు మీది నుండి వానకు జారిన రాగి ఎక్కడికి పోతుంది? రాగి కుళ్ళేది కాదు, ఆవిరయ్యేది కాదు. పై మట్టిలోనే పేరుకుపోతుంది. వానపాములకూ, మట్టిని సజీవంగా ఉంచే సూక్ష్మజీవులకూ అది చేటు. రసాయనాలు వాడని సేంద్రియ ద్రాక్ష రైతుకు కూడా బూజు తెగులుకు రాగి తప్ప గట్టి ఆధారం లేకపోవడం ఇందులోని విషాదం. 2019 నుండి ఐరోపా సమాఖ్య ఏడేళ్ళలో హెక్టారుకు 28 కిలోలకు మించి రాగి వాడరాదని కట్టడి చేసింది.

ఈ బాకీ తీర్చడానికే మియార్దే గారు సగంలో విడిచిన పనిని మళ్ళీ చేపట్టారు. అమెరికా అడవి ద్రాక్షలోని తట్టుకునే గుణాన్ని తీసుకుని, తరం తరం మంచి ఐరోపా ద్రాక్షతో సంకరం చేస్తూ పోతే ఘాటు వాసన తొలగి, రుచి నిలిచి, గుణం మిగులుతుంది. జర్మనీలో రెజెంట్, సొలారిస్ అనే రకాలు అలా వచ్చాయి. ఫ్రాన్సు ప్రభుత్వ వ్యవసాయ పరిశోధనా సంస్థ దశాబ్దాల కృషితో రూపొందించిన అర్తబాన్, విదోక్, ఫ్లోరెయాల్, వోల్తిస్ అనే నాలుగు రకాలు 2018లో అధికారికంగా నమోదయ్యాయి. వీటికి బూజు తెగులు, బూడిద తెగులు మందులు చాలా తక్కువ చాలు. 2021లో ఐరోపా సమాఖ్య పేరుమోసిన సీమల వైన్‌లలో కూడా ఇలాంటి సంకర రకాలకు చట్టపరంగా తలుపు తెరిచింది.

అయితే ఇక్కడ కూడా ఏమరుపాటు తగదు. ఒకే తట్టుకునే గుణం ఉన్న ఒక రకాన్ని జయించగల బూజు ఐరోపా తోటల్లో బయలుదేరినట్లు 2010లో శాస్త్రజ్ఞులు తెలిపారు. అందుకే కొత్త ఫ్రెంచి రకాలలో రెండేసి గుణాలను జతచేశారు. ఒక తలుపుకు రెండు తాళాలు వేసినట్లు. పైగా తెగులు ఎక్కువగా ఉన్న రోజుల్లో ఒకటి రెండు సార్లు మందు కొట్టమనే సలహా ఇస్తున్నారు. మందు, వేరు శత్రువులు కావు. వేరు యజమాని, మందు కూలీ. కూలీ యజమాని అయిపోయినప్పుడే చేను చెడుతుంది.

మన నేల మాట

తెలుగు నేలకూ ద్రాక్షతో బంధముంది. హైదరాబాదు చుట్టుపక్కల ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ ద్రాక్షతోటలు ఎంతో ప్రసిద్ధి. నగరం విస్తరించి ఆ తోటలు చాలా వరకు ఇళ్ళ స్థలాలయ్యాయి. దక్కను పీఠభూమిలో ద్రాక్షకు ఏప్రిలులో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరింపు చేస్తారు. పండ్ల కోసం చేసే అక్టోబరు కత్తిరింపు తర్వాత వానలు ఆగకపోతే బూజు తెగులు రైతును నిద్రపోనివ్వదు. మన దేశంలో నీటి ఎద్దడి, ఉప్పు నీళ్ళు ఉన్నచోట డాగ్‌రిడ్జ్ అనే అమెరికా వేరు మీద అంటుకడుతున్నారు. పూణేలోని అఘార్కర్ పరిశోధనా సంస్థ అమెరికా జాతి రక్తమున్న కటావ్బాను, బ్యూటీ సీడ్‌లెస్‌తో సంకరం చేసి, బూజు జాతి తెగుళ్ళను తట్టుకునే ఏఆర్ఐ-516 రకాన్ని రూపొందించింది. రసానికీ, వైన్‌కూ అది అనువైనది. మియార్దే గారి బాట మన దేశందాకా వచ్చిందన్నమాట.

ఇక మన పత్తి, మిరపల సంగతి. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులను తెల్లదోమ ముంచివేసింది. పైరిత్రాయిడ్ మందులను అతిగా కొట్టడం వల్ల మిత్రపురుగులు చచ్చి, తెల్లదోమ పెచ్చుమీరింది. అప్పులపాలైన రైతులు ఆ మందే త్రాగి ప్రాణాలు తీసుకున్న దుర్దినాలు పెద్దవారికి జ్ఞాపకమే. 2002లో బి.టి. పత్తి వచ్చినప్పుడు ఇక పురుగు బాధ తీరిందనుకున్నాం. కొన్నేళ్ళకు గులాబీ రంగు పురుగు దానికి అలవాటుపడింది. 2021-22లో నల్ల తామరపురుగు మిరప చేలను ఊడ్చిపెట్టింది. రెండు రోజులకొకసారి మందు కొట్టినవారున్నారు. ముఖానికి గుడ్డ లేకుండా, కాళ్ళకు చెప్పులు లేకుండా ఆ మందు కొట్టినవారు ఎక్కువగా కౌలు రైతులూ, కూలీలే.

ఎవరినీ నిందించడానికి ఈ మాటలు చెప్పడం లేదు. పైరు కళ్ళెదుట మాడిపోతుంటే మందు కొట్టవద్దని ఉపదేశించడం సులభం, అప్పు కట్టవలసినవానికే ఆ బాధ తెలుస్తుంది. మియార్దే గారు కూడా తోటలు మాడిపోతున్నప్పుడు వేరు వచ్చేదాకా ఆగండని రైతుకు చెప్పలేదు. ముందు మందు ఇచ్చారు, మందు ఇచ్చిన చేతితోనే వేరును వెదికారు. మనం మొదటి సగం నేర్చుకున్నాం, రెండవ సగం మరచిపోయాం. తెగులును తట్టుకునే రకం ఏదో లాం ఫారం శాస్త్రవేత్తలను అడగడం, ఒకే పైరు ఏటా వేయకుండా మార్చడం, మిత్రపురుగులను బ్రతకనివ్వడం, మట్టికి పశువుల ఎరువు ఇవ్వడం, ఇవన్నీ వేరును వెదకడంలోని భాగాలే. వీటి ఫలితం మరునాడు కనిపించదు. మందు ఫలితం మరునాడు కనిపిస్తుంది. మన శోధన అంతా ఆ మరునాటిలోనే ఉంది.

బలిపీఠం మీది రసం

దివ్యబలిపూజకు వాడే ద్రాక్షారసం ద్రాక్షపండు నుండి సహజంగా వచ్చినదై, చెడిపోనిదై ఉండాలని శ్రీసభ చట్టం 924వ నిబంధన నిర్దేశిస్తుంది. దానిలో పరాయి పదార్థం కలవకూడదని మనం ఎంతో జాగ్రత్త పడతాం. ఆ స్వచ్ఛత పాత్ర అంచు దగ్గర మొదలు కాదు, తోట మట్టిలోనే మొదలవుతుంది. 2015లో పోపు ఫ్రాన్సిస్ జగద్గురువులు వెలువరించిన లౌదాతో సీ విశ్వలేఖ సారాంశం కూడా ఇదే. భూమి మొర, పేదవాని మొర వేర్వేరు కావు. మట్టిలో పేరుకున్న విషం మొదట చేరేది ఆ మట్టిలో కాళ్ళు పెట్టి పనిచేసేవాని ఒంటికే.

పునీత పౌలు గారు రోమీయులకు వ్రాసిన లేఖలో అంటుకట్టడాన్ని ఉపమానంగా తీసుకున్నారు. అడవి ఓలివ కొమ్మను మంచి ఓలివ వేరుకు అంటుకట్టినట్లు అన్యజనులు దేవుని ప్రజలతో కలిశారని ఆయన బోధ. మియార్దే గారి తోటలో జరిగింది దానికి తారుమారు. అక్కడ మంచి కొమ్మను అడవి వేరు నిలబెట్టింది. పేరుగాంచిన ఫ్రెంచి ద్రాక్ష, తాను చిన్నచూపు చూసిన అడవి జాతి వేరు మీద బ్రతికింది. కొమ్మ వేరును చూసి అతిశయించరాదన్న పౌలు గారి హెచ్చరిక మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఆత్మ విషయంలోనూ ఇంతే. పాపసంకీర్తనం మనకు దేవుడిచ్చిన దివ్యౌషధం. ఆపదలో పరుగెత్తి వెళ్ళవలసినది అక్కడికే. కాని ప్రతి పండుగకూ అదే పాపాన్ని మోసుకువచ్చి, దాని వేరును మాత్రం ముట్టుకోకపోతే మనం కూడా ఆకు మీద మందు చల్లుకుంటూ వేరును మరచిన తోటలమే. త్రాగుడు మానాలన్నవాడు త్రాగుబోతు స్నేహాన్ని మార్చుకోవాలి. పగ మానాలన్నవాడు పొరుగువాని గుమ్మం తొక్కాలి. సద్గుణం పైపూత కాదు, వేరునుండి ఆకుదాకా ప్రవహించే రసం.

వచ్చే తొలకరికి విత్తనం కొనే ముందు, మందు కొనే ముందు ఈ సంగతిని ఇంట్లో భార్యాభర్తలు, పిల్లలు కలిసి మాట్లాడుకోండి. మందు కొట్టే కూలీకి ముఖానికి గుడ్డ, చేతులకు తొడుగులు, పని అయ్యాక కడుక్కోవడానికి సబ్బు, నీళ్ళు ఇవ్వడం యజమాని ధర్మమని గుర్తుంచుకోండి. ఆదివారం గురువు పాత్ర పైకెత్తినప్పుడు ఆ రసం వెనుక ఉన్న తోటనూ, తోటలో పనిచేసిన చేతులనూ, కనిపించకుండా మోస్తున్న వేరునూ ఒక్క క్షణం తలచుకోండి. నిజమైన ద్రాక్షవల్లి అయిన ప్రభువులో వేరూని నిలిచే వరం మనకూ మన పొలాలకూ ఆయన అనుగ్రహించునుగాక.